రేంజా, ట్రెండా? రూపాయి నడక తెలిస్తేనే డాలరు లెక్క

మన బ్యాంకు కుటుంబాల్లో డాలరు ఇప్పుడు పరాయి మాట కాదు. ఒకరి అమ్మాయి డల్లాస్‌లో ఎం.ఎస్. చదువుతోంది. ఇంకొకరి అబ్బాయికి వచ్చే ఆగస్టులో ప్రవేశం వచ్చింది. రిటైర్మెంట్ దగ్గరపడిన వారి ఫోన్లకేమో "కరెన్సీ ట్రేడింగ్ నేర్పిస్తాం, ఇంట్లో కూర్చుని సంపాదించండి" అంటూ రోజుకో సందేశం వస్తోంది. అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: డాలరు ఇప్పుడు కొనాలా, ఆగాలా?

నేను కొన్నేళ్లు భద్రాచలం వైపు ఒక శాఖలోనూ, ఆ తర్వాత ట్రెజరీ విభాగంలోనూ పనిచేశాను. డీలింగ్ రూములో ఈ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వేసుకుంటారు. ధర ఎంత ఉందని కాదు, మార్కెట్ ఏ తీరులో ఉందని. రెండు హద్దుల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే దాన్ని రేంజ్ అంటారు. ఒకే దిక్కుగా సాగిపోతుంటే ట్రెండ్ అంటారు. మొదటిదానిలో లాభమిచ్చే పని రెండోదానిలో నిలువునా ముంచుతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

మరైగూడ దారిలో మూడు ధరలు

దుమ్ముగూడెం దాటి సరిహద్దు వైపు వెళ్తే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, మరైగూడ వస్తాయి. బస్తర్ నేల అయినా తెలుగు వినిపించే ఊళ్లు అవి. శాఖలో పనిచేసిన రోజుల్లో అటునుంచి వచ్చేవారితో మాట్లాడుతుంటే ధరలు ఎన్ని రకాలుగా నడుస్తాయో అర్థమయ్యేది.

మొదటిది చింతపండు. కొత్త పండు దిగే రోజుల్లో సంతలో ధర తగ్గుతుంది, సరుకు తగ్గేకొద్దీ పెరుగుతుంది, మళ్లీ పంట రాగానే దిగుతుంది. నాలుగు రోజులు ఆగి అమ్మగలిగిన వాడికి సాధారణంగా మేలే. ఇది రేంజ్.

రెండోది తునికాకు. దీని ధర సంతలో తేలదు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక స్టాండర్డ్ బ్యాగుకు, అంటే యాభై ఆకుల కట్టలు వెయ్యికి, 2,500 రూపాయలు ఉండేది. దాన్ని 4,000 చేశారు, 2024లో 5,500 చేశారు. మధ్య కాలంలో కదలిక ఉండదు. కదిలిన రోజు ఒక్క గంతే. ఇది కట్టేసిన ధర.

మూడోది మిర్చి. బస్తర్ ఊళ్ల నుంచి ఎందరో మిరపకాయ కోతలకు తెలంగాణ పొలాలకు వస్తారు. 2023లో మిర్చి క్వింటాలు 20 వేల రూపాయలు దాటింది. ఆ తర్వాత దిగుతూ పోయింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి కేంద్రమే జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. "మళ్లీ పెరగకపోతుందా" అని కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచినవారికి అద్దె, వడ్డీ మీదపడ్డాయి. ఇది ట్రెండ్.

చింతపండు విషయంలో ఆగడం తెలివి. మిర్చి విషయంలో అదే ఆగడం నష్టం. పని ఒక్కటే, మార్కెట్ వేరు. రూపాయి–డాలరు ధర ఈ మూడు రకాలుగానూ నడిచింది.

రూపాయి నడిచిన దారి

1993 మార్చిలో రూపాయి మారకం విలువను మార్కెట్‌కు వదిలారు. కానీ ఆ తర్వాత రెండేళ్లకు పైగా అది 31 రూపాయల 37 పైసల దగ్గరే నిలబడింది. దేశంలోకి వస్తున్న డాలర్లను రిజర్వు బ్యాంకు కొంటూ ధరను పట్టి ఉంచింది. అప్పటి గవర్నరు సి. రంగరాజన్ తర్వాతి కాలంలో మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. 1995 ఆగస్టు తర్వాత పట్టు సడలింది. 1996 ఫిబ్రవరికల్లా డాలరు 37 రూపాయలు దాటింది. కదలదని నమ్మి రక్షణ లేకుండా దిగుమతి బాకీలు మోసినవారికి అది పెద్ద దెబ్బ.

తర్వాత ఏడాదికి పైగా 35–36 మధ్య తిరిగింది. 1997 ఆగస్టు 15న గోవాలో, అప్పటి డిప్యూటీ గవర్నరు, కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి మాట్లాడుతూ, ఇతర దేశాల కరెన్సీలతో పోల్చిన లెక్క ప్రకారం రూపాయి విలువ ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తోందన్నారు. అప్పటికే జులైలో థాయ్‌లాండ్ కరెన్సీ కూలి ఆసియా సంక్షోభం మొదలైంది. రూపాయి హద్దు దాటి దిగడం మొదలుపెట్టింది.

2013 సంగతి మనలో చాలామందికి గుర్తుంది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన దువ్వూరి సుబ్బారావు అప్పుడు గవర్నరు. మే 22న అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధిపతి బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని సూచించారు. ఆనాడు డాలరు 55–56 రూపాయల మధ్య ఉంది. ఆగస్టు 28న 68 రూపాయలు దాటింది. మూడు నెలల్లో 12 రూపాయలకు పైగా తేడా! ఆ రోజే చమురు కంపెనీలకు రిజర్వు బ్యాంకు నేరుగా డాలర్లు ఇచ్చే ఏర్పాటు ప్రకటించింది. సెప్టెంబరు నుంచి ఎఫ్‌సీఎన్ఆర్(బి) డిపాజిట్లకు రాయితీ స్వాప్ సదుపాయం వచ్చింది. ఎన్ఆర్ఐ ఖాతాదారులకు మన శాఖల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వెళ్లిన రోజులవి. అక్టోబరుకల్లా ధర 61–62కు దిగింది. ఆగస్టు చివర్లో భయపడి 68కి కొన్నవారు రెండు నెలలు తిరగకుండానే డాలరుకు ఆరేడు రూపాయలు ఎక్కువ పెట్టినట్టు తెలుసుకున్నారు.

ఇక ఇటీవలి కథ. 2023లో రూపాయి దాదాపు ఏడాదంతా 81–83.50 మధ్య మెల్లగా ఊగింది. ఆ నిలకడ చూసి అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ, 2022 డిసెంబరు నుంచి 2023 అక్టోబరు వరకు మన మారకపు విధానాన్ని 'తేలియాడేది' నుంచి 'స్థిరీకరించినది' అనే వర్గంలోకి మార్చింది. రిజర్వు బ్యాంకు దాన్ని అంగీకరించలేదు. పేరు ఏదైనా, హద్దులు మాత్రం కళ్ల ముందు కనిపించాయి. 2024 అక్టోబరులో 84, డిసెంబరులో 85, 2025 ఫిబ్రవరిలో 87 దాటింది. మేలో మళ్లీ 84 దగ్గరకు దిగి ఊరించింది. డిసెంబరులో 90 దాటింది.

రెండు మార్కెట్లు, రెండు పద్ధతులు

రేంజ్‌లో వ్యాపారం చేసేవాడు కింది హద్దు దగ్గర కొంటాడు, పై హద్దు దగ్గర అమ్ముతాడు. ఎక్కడ బయటపడాలో ముందే తెలుసు: ఎదుటి హద్దు, లేదా మధ్య గీత. లాభాలు చిన్నవి, కానీ తరచుగా వస్తాయి.

ట్రెండ్‌లో చేసేవాడు ధర సాగే దిక్కుకే పోతాడు. పెరుగుతున్న దాన్ని కాస్త దిగినప్పుడు కొంటాడు, లేదా పాత గరిష్ఠాన్ని దాటినప్పుడు కొంటాడు. ఇంత లాభం చాలని ముందే గీత గీయడు. ధర పెరిగేకొద్దీ తన స్టాప్ లాస్‌ను, అంటే నష్టం ఆపుకునే స్థాయిని, వెనకాలే పైకి జరుపుకుంటూ పోతాడు. చాలాసార్లు చిన్న చిన్న నష్టాలు వస్తాయి. ఒకటి రెండుసార్లు వచ్చే పెద్ద లాభం వాటిని పూడుస్తుంది.

పద్ధతి తారుమారైతే ఏమవుతుందో ఒక ఊహా లెక్క చూద్దాం. ఎక్స్ఛేంజీలో డాలరు ఫ్యూచర్స్ ఒక లాటు అంటే 1,000 డాలర్లు. ధర ఒక రూపాయి కదిలితే లాటుకు 1,000 రూపాయలు. ఒకతను రేంజ్ పద్ధతిలో 83.30కి అమ్మి 82.70కి తిరిగి కొన్నాడు. అరవై పైసలు, అంటే 600 రూపాయలు. మూడుసార్లు చేశాడు, 1,800 వచ్చాయి. పద్ధతి మీద నమ్మకం కుదిరింది. ధర 84కు రాగానే "ఎప్పటిలాగే దిగుతుంది" అని అమ్మాడు. 85కు వెళ్తే "ఇప్పుడు మరీ ఎక్కువైంది" అని ఇంకో లాటు అమ్మాడు. 87 అయ్యేసరికి మొదటి లాటు మీద 3,000, రెండోదాని మీద 2,000 పోయాయి. మూడుసార్ల లాభం పోను చేతినుంచి 3,200. అతని లెక్కలో తప్పు లేదు. మార్కెట్ మారింది, అతను మారలేదు.

దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. 2023 లాంటి సంవత్సరంలో పై హద్దు తాకిన ప్రతిసారీ "ట్రెండ్ మొదలైంది" అని డాలరు కొంటే ప్రతిసారీ వెనక్కి దిగి నష్టమొస్తుంది. పైగా మన వడ్డీ రేట్లు అమెరికా రేట్ల కన్నా ఎక్కువ ఉన్నప్పుడు ముందు నెలల డాలరు ధర నేటి ధర కన్నా పైన ఉంటుంది. ఈ తేడానే ప్రీమియం అంటారు. ధర కదలకపోయినా, ముందు నెలకు కొని కూర్చున్నవాడికి రోజురోజుకూ ఆ ప్రీమియం కరిగిపోతుంది.

ఏది ఏదో గుర్తించడం ఎలా?

మొదటి పరీక్షకు కాగితం, పెన్సిలు చాలు. గత కొన్ని నెలల గరిష్ఠాలు, కనిష్ఠాలు వరుసగా రాయండి. ప్రతి కొత్త గరిష్ఠం పాతదాన్ని మించి, ప్రతి కొత్త కనిష్ఠం కూడా పాతదాని కన్నా పైనే ఉంటే అది పైకి సాగే ట్రెండ్. గరిష్ఠాలు ఒకే చోట తగిలి ఆగుతూ, కనిష్ఠాలు ఒకే చోట నిలబడుతుంటే రేంజ్.

రెండోది సగటు గీత. యాభై రోజుల సగటు ధరను గీస్తే, రేంజ్‌లో అది పడుకుని ఉంటుంది, ధర దాన్ని పదే పదే దాటుతూ ఉంటుంది. ట్రెండ్‌లో అది ఏటవాలుగా లేస్తుంది, ధర ఒక పక్కనే ఉంటుంది.

మూడోది సూచికలు. అమెరికాకు చెందిన వెల్స్ వైల్డర్ 1978లో రాసిన ఒకే పుస్తకంలో ఆర్‌ఎస్‌ఐ, ఏడీఎక్స్ రెండింటినీ పరిచయం చేశాడు. ఆర్‌ఎస్‌ఐ 70 దాటితే ధర వేగంగా పెరిగిందని, 30 దిగితే వేగంగా పడిందని గుర్తు. రేంజ్‌లో 70 అంటే 'అమ్ము' అన్నట్టే. గట్టి ట్రెండ్‌లో అదే 70 వారాల తరబడి నిలబడి, బలానికి గుర్తు అవుతుంది. ఒకే సూచిక, రెండు అర్థాలు! అందుకే ముందు ఏడీఎక్స్ చూస్తారు. అది ట్రెండ్ బలాన్ని మాత్రమే కొలుస్తుంది. 20 కన్నా తక్కువైతే ట్రెండ్ లేనట్టు, 25 దాటితే ఉన్నట్టు అని వాడుక.

నాలుగోది రూపాయికి ప్రత్యేకం. మన రేంజ్ చాలావరకు గట్టు కట్టిన చెరువు లాంటిది. ఆ గట్టు రిజర్వు బ్యాంకు. ఊగిసలాట తగ్గించడానికి అది డాలర్లు కొంటుంది, అమ్ముతుంది. ప్రతి శుక్రవారం విదేశీ మారక నిల్వల లెక్క ప్రకటిస్తుంది. 2024 సెప్టెంబరు చివర్లో నిల్వలు 700 బిలియన్ డాలర్లు దాటాయి. 2025 జనవరికల్లా 630 బిలియన్ల దగ్గరకు వచ్చాయి. ఇందులో కొంత ఇతర కరెన్సీల విలువ తగ్గడం వల్ల వచ్చిన తేడా. అయినా, ధర పెద్దగా కదలకుండా నిల్వలు వారాల తరబడి తగ్గుతుంటే గట్టు మీద ఇసుక బస్తాలు వేస్తున్నారని అర్థం చేసుకోవాలి. ముడిచమురు ధర, అమెరికా వడ్డీ రేట్లు, విదేశీ పెట్టుబడుల రాకపోకలు పైనుంచి వచ్చే వరద. ఈ రెండూ కలిపి చూడాలి.

43, 48, 53

ఎంత చూసినా, రేంజ్ ఎప్పుడు ట్రెండ్‌గా మారుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. దానికి భద్రాచలంలో ఒక మంచి పాఠం ఉంది. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ అంకెకు ఏం చేయాలో వరద రాకముందే నిర్ణయమై ఉంటుంది. 2022 జులైలో నీరు 71.3 అడుగులు తాకింది. అంత వస్తుందని ముందు ఎవరూ అనుకోలేదు. అనుకోకపోయినా, 43 దగ్గర మొదలుపెట్టాల్సిన పని మొదలైంది.

డీలింగ్ రూములో స్టాప్ లాస్ అంటే ఇదే. ఒక్కో డీలరు ఎంత పరిమాణం వరకు పోవచ్చు, ఎంత నష్టం దగ్గర ఆపాలి, రాత్రికి ఎంత మిగుల్చుకోవచ్చు అనేవి కొనకముందే కాగితం మీద ఉంటాయి. డీలరు అభిప్రాయం ఎంత బలంగా ఉన్నా ఆ అంకె వస్తే బయటకు రావాల్సిందే. రేంజ్ పద్ధతిలో ఆ అంకె హద్దుకు కాస్త బయట ఉంటుంది. ట్రెండ్ పద్ధతిలో ధరతోపాటు జరుగుతుంది. మన ఊహా లెక్కలోని మనిషికి 83.70 దగ్గర ఒక గీత ఉండి, హద్దు తెగిన తర్వాత పాత పద్ధతి వాడనని నియమం పెట్టుకుని ఉంటే, 84 దగ్గర అమ్మేవాడే కాదు.

మన ఇంటి లెక్క

ఇదంతా మనకెందుకు? మన కుటుంబాలు డాలరు వ్యాపారం చేయకపోయినా, పిల్లల చదువు రూపంలో డాలరు బాకీ మోస్తున్నాయి. విద్యారుణం మంజూరయ్యేది రూపాయల్లో. ఫీజు కట్టేది డాలర్లలో.

ఉదాహరణకు ఒక కోర్సుకు నాలుగు సెమిస్టర్లలో, ఒక్కోదానికి 12,500 చొప్పున, 50,000 డాలర్లు కావాలి. డాలరు 83 ఉన్నప్పుడు లెక్కవేసి 41.50 లక్షలు మంజూరు చేయించుకున్నారు. సెమిస్టర్ల నాటికి ధర వరుసగా 83, 84, 87, 90 అనుకుందాం. మొత్తం ఖర్చు 43 లక్షలు. లక్షన్నర తక్కువ! ఆ తక్కువ చివరి సెమిస్టర్‌లో తెలుస్తుంది, అంటే పిల్లవాడు వెనక్కి రాలేని సమయంలో. కంగారుగా బంగారం తాకట్టు, పీఎఫ్ అడ్వాన్సు వంటి దారులు వెతికేది అప్పుడే.

అందుకని నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, రుణం లెక్కవేసేటప్పుడు నేటి ధరతో ఆపకండి. డాలరుకు ఏడెనిమిది రూపాయలు కలిపి లెక్కవేసుకోండి, లేదా ఆ మేరకు సొంత పొదుపు పక్కన పెట్టుకోండి.

రెండు, రేంజ్ కనిపిస్తున్నప్పుడు కింది హద్దు దగ్గర కొంత ఫీజు ముందుగా పంపే వీలుంటే పంపండి. లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరికి 2.50 లక్షల డాలర్ల వరకు అవకాశం ఉంది.

మూడు, ట్రెండ్ నడుస్తున్నప్పుడు "పాత ధర వస్తే కొంటాను" అని కూర్చోకండి. అలాగని 2013 ఆగస్టులో మాదిరి ఒక్క రోజే మొత్తం కొనేయకండి. అవసరాన్ని నాలుగైదు భాగాలు చేసి తేదీల ప్రకారం కొనండి. అత్యుత్తమ ధర దొరకదు, అతి చెడ్డ ధర కూడా తగలదు.

నాలుగు, డాలర్లలో జీతం అందుకుంటున్న పిల్లలు రుణం తీరుస్తుంటే లెక్క తిరగబడుతుంది. వారికి డాలరు పెరగడం లాభం. అప్పుడు కూడా "ఇంకా పెరుగుతుంది" అని వాయిదాలు ఆపకండి. వడ్డీ ఎవరి కోసమూ ఆగదు.

చట్టం గీసిన గీత

మన దేశంలో కరెన్సీ ఫ్యూచర్స్ 2008 ఆగస్టులో మొదలయ్యాయి. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లోనే వాటి వ్యాపారం చట్టబద్ధం. రూపాయితో ముడిపడ్డ కాంట్రాక్టులకు నిజమైన విదేశీ మారక అవసరం ఉండాలని రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. ఆ నియమం 2024 మే 3 నుంచి అమల్లో ఉంది. అంటే ఎగుమతి, దిగుమతి, ఫీజు వంటి అసలు లావాదేవీ లేకుండా కేవలం ఊహ మీద ఆడటానికి వీల్లేదు. విదేశీ యాప్‌లకు మార్జిన్ డబ్బు పంపడం అసలే కుదరదు. అనుమతి లేని ఫారెక్స్ వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో తొలిసారి హెచ్చరిక జాబితా విడుదల చేసింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. ఇక బ్యాంకు ఉద్యోగులకు స్పెక్యులేషన్‌ను మన ప్రవర్తనా నియమావళి కూడా ఒప్పుకోదు.

ఆ యాప్‌ల మోసం కూడా ఈ రేంజ్–ట్రెండ్ తేడా మీదే నడుస్తుంది. మొదటి వారాల్లో చిన్న చిన్న లాభాలు తెర మీద చూపిస్తారు. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తం వేయిస్తారు. తర్వాత "మార్కెట్ ఒక్కసారిగా తిరగబడింది" అంటారు. నిజంగా మార్కెట్ తిరగబడిందా, అసలు మీ డబ్బు మార్కెట్‌కు చేరిందా అన్నది ఎవరికీ కనిపించదు. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయమనండి. మొదటి గంటల్లో చేసిన ఫిర్యాదుకే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ.

రూపాయి రేపు ఎంత ఉంటుందో చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ నెల అది హద్దుల్లో తిరుగుతోందా, ఒక దిక్కుకు సాగుతోందా అని మాత్రం మనమే చూసుకోవచ్చు. ఫీజు తేదీలు క్యాలెండరులో ఉన్నాయి, గత ఆరు నెలల ధరలు ఫోనులో ఉన్నాయి. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని, ఏ తేదీకి ఎన్ని డాలర్లు కావాలి, ఏ ధరకు ఎంత భాగం కొనాలి అన్నది ఇంట్లో అందరూ కూర్చుని రాసుకోండి. ధర ఎటు పోయినా, ఏం చేయాలన్న నిర్ణయం అప్పటికే ఆ కాగితం మీద ఉంటుంది.